రాజుగారి ఆది

కాజా అంచున ఆఖరి కుట్టు వేసి, దారం పంటితో కొరికి, బాలమణి కోటుని రెండు భుజాల దగ్గరా పట్టుకుని పైకెత్తి చూసింది. బాగా వచ్చింది. అంత బాగా వచ్చినందుకే ఆమెకి ఒళ్ళు మండింది.

ద్రాక్షపండు రంగు ఉన్నిగుడ్డ, లోపల నల్లటి లైనింగ్, ముందువైపు పదకొండు గుండీలు. తొడుక్కోవలసినవాడు పోయి ఐదువందల నలభై ఏళ్ళయింది. ఇంగ్లండుని రెండేళ్ళు ఏలి, ముప్ఫై రెండేళ్ళకే యుద్ధంలో చచ్చిపోయిన మూడవ రిచర్డ్ అనే రాజు. రేపు శనివారం ఊరి లైబ్రరీ హాల్లో ఆ రాజు అభిమానుల సంఘం వాళ్ళు ఒక బొమ్మకి ఈ కోటు తొడిగి నిలబెడతారు. రాజుకి వెన్నెముక వంకర, బొమ్మకి కూడా అలాగే చేయించారు. ఆ వంకరని పట్టుకునే తర్వాతివాళ్ళు ఆయన్ని గూనివాడనీ రాక్షసుడనీ ఆడిపోసుకున్నారు. పనితెలిసిన దర్జీ చెయ్యి పడితే ఆ వంకర పైకి కనిపించేదే కాదని జనానికి చూపించడం సంఘం వాళ్ళ పట్టుదల. సంఘంలో మొత్తం తొమ్మిదిమంది. అందులో తెలుగువాళ్ళు ఇద్దరే, గీతాంజలి అనే అమ్మాయి, రాఘవులు. బాలమణి మొగుడు.

"వాడి కోటు, నా కళ్ళు," అని గొణుక్కుంటూ ఆమె కోటుని హ్యాంగర్‌కి తగిలించింది.

అమెరికాలో హెర్న్‌డన్ అనే ఊళ్ళో చో గారి డ్రైక్లీనింగ్ షాపులో, కిటికీ పక్క మూల, పదకొండేళ్ళుగా ఆమె మిషన్ ఉంది. ప్యాంట్లు పొట్టి చెయ్యడం, జిప్పులు మార్చడం, ఆఫీసు కోట్ల చేతులు తగ్గించడం. వీటికి తోడు చుట్టుపక్కల తెలుగువాళ్ళ జాకెట్లు. మనవాళ్ళు టేపుతో కొలతలిమ్మంటే ఇవ్వరు. ఒంటికి అతికినట్టుండే పాత జాకెట్టు ఒకటి తెచ్చి బల్ల మీద పడేసి, "ఇదే ఆది ఆంటీ, సేమ్ ఇలాగే" అంటారు. బాలమణి ఒక్కో ఆదికీ చీటీ గుచ్చి, దాని మీద పేరు రాసి, కింద "జాగ్రత్త" అని రాస్తుంది. కొత్త జాకెట్టు పాడైతే ఇంకోటి కుట్టుకోవచ్చు, ఆది పోతే ఆ మనిషి కొలతే పోయినట్టు. కొరియా నుంచి వచ్చిన చో గారు కూడా ఈ మాట పట్టేశాడు. సూటు పట్టుకొచ్చిన అమెరికన్లని సైతం "ఆది? యూ హ్యావ్ ఆది?" అని అడుగుతాడు. వాళ్ళు తెల్లమొహం వేస్తారు.

పొద్దున ఇంట్లోంచి బయల్దేరేటప్పుడే ఆమె మనసు బాగాలేదు. రేపటికి చిలకపచ్చ పట్టుచీర కట్టుకోమన్నాడు రాఘవులు. చీర ఉంది, దాని పొడుగుచేతుల జాకెట్టు లేదు. మూడు వారాలుగా కనిపించడం లేదు. బీరువా బోర్లించినంత పని చేసింది.

"ఏవండీ, మీరేమైనా తీశారా?"

"నాకెందుకే నీ జాకెట్టు? ఎక్కడికి పోతుంది, రేపు ఫంక్షన్ లోపల అదే దొరుకుతుంది," అన్నాడు కారు తాళాలు తిప్పుకుంటూ, నవ్వుతూ.

ఆ నవ్వుకే ఆమెకి అరికాలి మంట నెత్తికెక్కింది. ఐదువందల ఏళ్ళనాటి సమాధి ఏ సందులో ఉందో పటం గీసి చెప్పగలడు కానీ, సొంత ఇంట్లో పెళ్ళాం జాకెట్టు వెతకడం మాత్రం చేతకాదు. దారంతా ఆమె కిటికీ వైపే చూస్తూ కూర్చుంది. ఆయన ఒక చెయ్యి గుండెల మీద పెట్టుకుని, రాత్రి తిన్న గుత్తివంకాయ పడలేదంటూ నడిపాడు.

రాజుతో ఆమె పోరు పన్నెండేళ్ళనాటిది. ఒక ఫిబ్రవరి పొద్దున ఇంగ్లండులో ఒక పార్కింగ్ స్థలం కింద దొరికిన ఎముకలు ఆ రాజువేనని టీవీలో చెప్పారు. పాదాలు లేవు. పుర్రె నిండా దెబ్బలు. వెన్నుపూసలు కొడవలి లాగా వంగి ఉన్నాయి. రాఘవులు లాప్‌టాప్‌లో ఆ బొమ్మ పెద్దది చేసుకుని, వేలితో ఒక్కో పూస మీదుగా పైనుంచి కిందకి వచ్చాడు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"పాపం, ఎంత నొప్పి ఓర్చుకుని ఉంటాడే ఈ మనిషి! ఈ వెన్నుతో గుర్రమెక్కి, ఇనపచొక్కా వేసుకుని... పైకి ఎవరికీ తెలియనివ్వకుండా."

ఆ మాట అన్నప్పుడు బాలమణి కాఫీగ్లాసుతో సరిగ్గా ఆయన వెనక నిలబడి ఉంది. ఆ రోజు చలికి ఆమె వెన్ను విరిగిపోతోంది. ఆయన వెనక్కి తిరిగి చూడలేదు. గ్లాసు బల్ల మీద పెట్టి ఆమె వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆ క్షణం నుంచి ఆ రాజు ఆమెకి సవతి అయ్యాడు.

ఎందుకంటే బాలమణి వెన్ను కూడా వంకరే. పన్నెండో ఏట మొదలైంది. కుడి భుజం పైకి లేచింది, ఎడమది దిగింది. తుని బళ్ళో పిల్లలు గూనిమణి అన్నారు. ఊళ్ళో ఏ దర్జీ కుట్టినా జాకెట్టు ఒకపక్క ముడతలు, ఇంకోపక్క బిగుతు. ఒకాయన అయితే "నీకు కుట్టాలంటే గుడ్డ కాదమ్మా, నన్నే మార్చాలి" అని షాపులో అందరిముందూ నవ్వాడు. ఆ రోజు ఇంటికొచ్చి అమ్మ పాత మిషన్ దుమ్ము దులిపింది. విప్పి కుట్టి, కుట్టి విప్పి, పదహారో ఏటికి రహస్యం పట్టేసింది. కుడివైపు వీపు ముక్క అంగుళంపావు పొడుగు పెట్టాలి. ఎడమ భుజం లోపల దూది మెత్త ఒకటి, పైకి తెలియకుండా లైనింగ్ మధ్య దాచాలి. అంతే, గూని మాయమైంది. అప్పటి నుంచి ఇప్పటివరకు, యాభై ఎనిమిదేళ్ళు వచ్చినా, ఆమె ఒంటిమీద మెత్త లేని బట్ట ఒక్కటి లేదు.

పెళ్ళిచూపుల్లో అమ్మ ఆమెని గోడకి ఆనించి కూర్చోబెట్టింది. అప్పటికి ముప్ఫై ఒకటో ఏడు. అబ్బాయి కంప్యూటర్ ఉద్యోగం మీద అమెరికా వెళ్తున్నాడు, తొందరలో ఉన్నాడు. సంగతి వాళ్ళకి చెప్పారా అని బాలమణి అడిగితే అమ్మ "నోర్మూసుకో" అంది. చెప్పారో లేదో ఇరవై ఏడేళ్ళయినా ఆమెకి తెలియదు. పిల్లలు కలగలేదు. దెబ్బలాటలూ లేవు. రాఘవులు మంచివాడు, గట్టిగా ఒక మాట అనడు. ఒక మొగుడికి పెళ్ళాం వీపు కనపడకుండా ఉంటుందా? కనపడి ఉంటే ఒక్క మాటైనా అనడా? మోసం చేసి అంటగట్టారని లోపల పెట్టుకున్నాడా, లేక అసలు ఆ మాత్రం చూసిన పాపానే పోలేదా? రెండింట్లో ఏది నిజమైనా ఆమెకి భయమే. అందుకే ఎప్పుడూ అడగలేదు.

అడగని ఆ మాట మీద రాజు వచ్చి దర్జాగా కూర్చున్నాడు. చచ్చినవాడి కళ్ళు చారెడన్నారు, నిజమే. అతని కోసం ఊరు తవ్వారు. ఎముకలకి పరీక్షలు చేశారు. మళ్ళీ అంత్యక్రియలు చేసి చర్చిలో రాతిసమాధి కట్టారు, వీధుల్లో జనం నిలబడి తెల్లగులాబీలు వేశారు. రాఘవులు అదంతా సెలవు పెట్టి కూర్చుని చూశాడు. వెన్ను వంగితే ఆ రాజుకి అంత వైభోగం, బాలమణికి గుప్పెడు దూది.

ఇప్పుడు ఆ రాజుకి కోటు కూడా ఆమే కుట్టాలట. నెల్లాళ్ళ కిందట ఆయన ఆ మాట అడిగితే ఆమె కసిగా ఒక మెలిక పెట్టింది.

"ఆది లేకుండా నేను కత్తెర పట్టనండి. మీ రాజుగారి ఆది పట్రండి, కుడతాను."

"ఐదొందల ఏళ్ళ క్రితం పోయినవాడికి ఆది ఎక్కడ తెమ్మంటావే?"

"అది నాకు తెలీదు. సమాధే వెతికారు కదా, ఆది వెతకలేరా?"

వారం తర్వాత ఆయన ఒక కాగితం తెచ్చి ఇచ్చాడు. పెన్సిల్‌తో, ఆయన గుండ్రటి అంకెల్లో, కొలతలు. ఛాతీ, చంక, మెడ, చేతి పొడవు. ఛాతీ, నడుము అంకెలు ఆడమనిషివంత ఉన్నాయి. ఆమె మొహం చూసి, "సన్నటి మనిషేలే, ఎముకలు చూసినవాళ్ళు అలాగే చెప్పారు" అన్నాడాయన. వీపు కుడివైపు, ఎడమవైపు కంటే అంగుళంపావు ఎక్కువ. ఆ అంకె దగ్గర బాలమణి కళ్ళు ఆగిపోయాయి. ఎవడో పరాయి దేశపు రాజు వీపు అంగుళంపావుతో సహా తెలుసు ఈయనకి!

"భుజాల సంగతి రాయలేదే?" అంది కాగితం మడుస్తూ.

"మిగతాది నీకు తెలుసుగా," అన్నాడు రాఘవులు, చెప్పులు వేసుకుంటూ.

అందుకే ఆమె మెత్త పెట్టలేదు. కోటంతా కుట్టింది. కొలత తప్పలేదు, కుట్టు తప్పలేదు. ఎడమ భుజంలో దూది మాత్రం పెట్టలేదు. మెత్త లేకపోతే ఆ భుజం జారుతుంది, కుడివైపు గూని పైకి తన్నుకొస్తుంది. రేపు హాల్లో అందరూ చూస్తారు. దర్జీ చెయ్యి పడ్డా గూనివాడు గూనివాడే అనుకుంటారు. ఆ మెత్త పదహారేళ్ళ పిల్ల ఏడుస్తూ కనిపెట్టుకున్నది. దాన్ని వాడికెందుకివ్వాలి?

పదకొండింటికి భావన వచ్చింది. ఆఫీసు మధ్యలో పరిగెత్తుకొచ్చినట్టుంది, మెళ్ళో బ్యాడ్జి వేలాడుతూనే ఉంది. బల్ల మీద జాకెట్టుగుడ్డ, ఆది పెట్టింది.

"ఆంటీ, దీపావళి పార్టీకి కావాలి. బ్యాక్ కొంచెం డీప్ పెట్టండి, మిగతాదంతా ఆదిలో ఉన్నట్టే." హ్యాంగర్ మీది కోటు చూసి ఆగింది. "వావ్, సూపరుందే! ఎవరిదాంటీ?"

"రాజుగారిది."

"ఏ రాజుగారు? యాష్‌బర్న్‌లో ఉంటారు, ఆ భీమవరం వాళ్ళా?"

బాలమణికి నవ్వాగలేదు. "కాదమ్మా, ఇంగ్లండు రాజు. ఎప్పుడో పోయాడు. మా వారికి స్నేహితుడు."

భావనకి అర్థం కాకపోయినా నవ్వేసి, కోటు దగ్గరికి వెళ్ళి చేత్తో నిమిరింది. "లెఫ్ట్ షోల్డర్ కొంచెం జారుతున్నట్టుంది కదా ఆంటీ?"

"జారనీ."

అంత ముక్తసరిగా అనేసరికి ఆ పిల్ల చీటీ తీసుకుని వెళ్ళిపోయింది. కిటికీ బయట డలస్ ఎయిర్‌పోర్టులో దిగే విమానం ఒకటి షాపు కప్పు మీదుగా రొదచేస్తూ పోయింది. బాలమణి ఆదికి చీటీ గుచ్చి, భావన అని రాసి, కింద జాగ్రత్త అని రాసింది.

మధ్యాహ్నం చో గారు అన్నం డబ్బా తీసుకుని వెనకగదిలోకి వెళ్ళగానే ఆమె కోటు పట్టుకుని ట్రయల్ రూములోకి వెళ్ళి గడియ పెట్టుకుంది. ఎందుకు వెళ్ళిందో ఆమెకే సరిగా తెలియదు. తన స్వెట్టర్, మెత్త ఉన్న కుర్తీ తీసేసి, లోపలి బనియను మీద కోటు తొడుక్కుంది.

కోటు ఆమెకి సరిపోయింది. ఏదో సరిపోవడం కాదు, చంక దగ్గర కానీ నడుం దగ్గర కానీ వెంట్రుకవాసి తేడా లేదు. చేతులు మణికట్టు దగ్గర సరిగ్గా ఆగాయి. వంకర వెన్నులన్నీ ఒకేలా వంగుతాయి కాబోలు, ఒకే అచ్చులో పోసి ఇద్దరిని చేశాడు కాబోలు దేవుడు అనుకుంది. ఒకణ్ణి సింహాసనం మీద పడేశాడు, ఒకదాన్ని మిషన్ ముందు. మళ్ళీ కుళ్ళు పొంగుకొచ్చింది.

అప్పుడు అద్దంలోకి చూసింది. ఎడమ భుజం జారిపోయి, కుడి వీపు బుడిపెలా లేచి, మెడ ఒకపక్కకి ఒరిగి ఉన్న మనిషి కనపడింది. నలభై రెండేళ్ళుగా బాలమణి ఆ మనిషిని చూడలేదు. తుని షాపులో నవ్విన దర్జీ ముఖం ఆమెకి గుర్తొచ్చింది. ఇప్పుడు తను చెయ్యబోయింది అదే పని. వాడు నలుగురి ముందు నవ్వాడు, తను నలభైమంది ముందు నవ్వించబోతోంది. పైగా అది తన చేతి కోటు. గుండుసూదంత లోపం ఉన్నా గుమ్మం దాటనివ్వని చెయ్యి.

అసూయ తీరిందని కాదు. తీరలేదు. ట్రయల్ రూములోంచి బయటికొచ్చి, సరుగులోంచి దూది తీస్తున్నప్పుడు కూడా "నీ రాత బాగుంది నాయనా" అని రాజుని దెప్పింది. కానీ ఈ పోరు వాడితో కాదని అద్దం ముందే తెలిసిపోయింది. అడగాల్సిన మనిషి వేరే. ఇవాళ సాయంత్రం కార్లో కూర్చోగానే అడిగేస్తుంది. తెలిసిందా తెలియదా, చూశారా లేదా, ఏదో ఒకటి. ఇంకెన్నాళ్ళు?

లైనింగ్ విప్పి, దూది మూడు పొరలు పరిచి, అంచులు పలచగా చేసి, టాకాలు వేసింది. నాలుగైంది. ఎడమ భుజం మెల్లగా లేచి కుడిదానికి సమమైంది. చో గారు కళ్ళజోడు మీదుగా చూసి బొటనవేలు ఎత్తాడు.

నాలుగూ నలభైకి కిటికీలోంచి పాత బూడిదరంగు కారు పార్కింగ్‌లోకి వచ్చింది. ఆమెకి కారు నడపడం రాదు. మెడ తిప్పి వెనక్కి చూడడం ఆమె వల్ల కాదు, ఆ సంగతి చెప్పలేక నేర్చుకోవడం ఇష్టం లేదంది. రాఘవులు ఏనాడూ బలవంతం చెయ్యలేదు. మూడేళ్ళ కిందట ఉద్యోగం మానేసిన దగ్గర్నుంచి రోజూ ఆయనే వచ్చి, మేపుల్ చెట్టు కింద చివరి గడిలో ఆపుతాడు. రాజు దొరికిన దగ్గర్నుంచి ఎక్కడ కారు ఆపినా ఆయనది ఒకటే మాట: "కాస్త జరిగి పడుకోండి మహారాజా." ఇవాళ కూడా అద్దం వెనక ఆయన పెదాలు కదలడం కనపడింది. ఆమె చెయ్యి ఊపింది. తొందరేం లేదన్నట్టు ఆయన చెయ్యెత్తి, సీటు వెనక్కి వాల్చుకున్నాడు.

లైనింగ్ మూసి చేతికుట్టు వేసేసరికి ఐదు. కోటుకి ప్లాస్టిక్ తొడుగు వేసి, చో గారికి చెప్పి, ఆమె బయటికి వచ్చింది. రాలిన ఆకుల మీద ఎండ ఇంకా ఉంది. కారు తలుపు తీసి కూర్చుంది. కాళ్ళ దగ్గర గుడ్డసంచీ ఏదో ఉంటే పక్కకి నెట్టి, కోటుని ఒళ్ళో పరుచుకుంది. ఆయన వైపు చూస్తే అడగలేననిపించింది. అందుకని ఎదురుగా చెట్టు వైపే చూస్తూ అంది.

"ఏవండీ, ఒక్క మాట అడుగుతాను. కోపం తెచ్చుకోవద్దు. నా వీపు... మీరెప్పుడైనా చూశారా?"

ఒక ఆకు రాలి అద్దం మీద పడింది.

"పెళ్ళికి ముందు మీకు చెప్పారా, లేదా? ఇప్పుడేం అనుకోను, చెప్పండి."

ఎప్పుడూ ఇంతే, ఈ మౌనంతోనే చంపుతాడీ మనిషి అనుకుంటూ, కళ్ళనీళ్ళ మధ్యనుంచి ఇటు తిరిగింది. రాఘవులు తల కిటికీ వైపు ఒరిగి ఉంది. కళ్ళజోడు ముక్కు మీదకి జారింది. నిద్రపోతున్నాడనుకుని చెయ్యి పట్టుకుంది. చెయ్యి వెచ్చగానే ఉంది కానీ ఆమె చేతిని తిరిగి పట్టుకోలేదు.

చో గారు పరిగెత్తుకొచ్చాడు. అంబులెన్సు వచ్చింది. ఆస్పత్రిలో డాక్టరమ్మ చేతులు కట్టుకుని నెమ్మదిగా చెప్పింది, గుండె అని, బాధ పెద్దగా తెలిసి ఉండదని. బాలమణి తల ఊపింది. సంఘంలో ఉండే గీతాంజలి, కబురు తెలిసి ఆఫీసు నుంచి నేరుగా వచ్చి, ఫోన్లు చెయ్యడానికి బయటికి వెళ్ళింది. పోయేముందు కార్లోంచి తెచ్చిన కోటూ, గుడ్డసంచీ పక్క కుర్చీలో పెట్టింది.

"రేపు ప్రోగ్రాం క్యాన్సిల్ చేసేస్తామండీ. మీరేం వర్రీ అవకండి."

"వద్దమ్మా," అంది బాలమణి. "కోటు పట్టుకెళ్ళండి. ఆయన కోసం అయినా తొడగండి."

గీతాంజలి కోటుతో వెళ్ళాక సంచీ మిగిలింది. ఆయన మంచినీళ్ళ సీసా ఉంటుందనుకుని బాలమణి దాని మూతి విప్పింది. సీసా, లైబ్రరీ పుస్తకం, అడుగున నీటుగా మడతపెట్టిన చిలకపచ్చ జాకెట్టు. మెడ దగ్గర గుండుసూదితో గుచ్చిన చీటీ. ఆమె ఆదులకి గుచ్చే చీటీల్లాంటిదే, ఆమె పెట్టెలోంచి తీసిందే. దాని మీద పెన్సిల్‌తో గుండ్రటి అక్షరాలు: రాజుగారి ఆది. కింద ఇంకో మాట: జాగ్రత్త.

ఆమె జాకెట్టుని ఒళ్ళోకి తీసుకుని లోపలివైపు తిప్పింది. ఎడమ భుజం దగ్గర లైనింగ్‌ని ఎవరో విప్పారు. దూది ఎంత మందమో కొలుచుకుని మళ్ళీ దాని చోటనే పెట్టి, సూది పట్టడం రాని చెయ్యితో మూశారు. చిలకపచ్చ గుడ్డ మీద తెల్లదారం, పెద్దపెద్ద కుట్లు ఏడు, పొంతన లేకుండా. చివర, దారం ఊడకుండా, మూడు ముళ్ళు.